సెకండ్ హ్యాండ్ డ్రోన్‌కి నంబరు రావడం లేదు, మాఘంలో పెళ్లి ఉంది. ఏం చెయ్యాలి?

కళింగ_కెమెరా
రెండేళ్ల కిందట విశాఖలో ఒక స్నేహితుడి దగ్గర సెకండ్ హ్యాండ్ డ్రోన్ కొన్నాను. చైనాలో తయారైంది, బరువు 600 గ్రాములకి కాస్త తక్కువ. ఇన్నాళ్లూ పొలాల మీద, వంశధార గట్టు మీద ఎగరేసుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు. పోయిన ఆదివారం పొద్దున్నే కళింగపట్నం బీచ్‌లో లైట్‌హౌస్ తీస్తుంటే ఇద్దరు కానిస్టేబుళ్లు వచ్చి "నంబరేదీ?" అన్నారు. నేను ఫోన్ నంబర్ చెప్పాను. వాళ్లడిగింది డ్రోన్ నంబరు.

రెండు రోజులు డ్రోన్ స్టేషన్‌లోనే ఉంది. మూడో రోజు "రిజిస్టర్ చేయించుకుని ఎగరేసుకో" అని ఇచ్చేశారు. సరే కదా అని ప్రభుత్వ డ్రోన్ పోర్టల్ తెరిస్తే, కంపెనీ ఏది, మోడల్ ఏది అని అడుగుతోంది. ఆ జాబితాలో నాది లేనే లేదు. మాఘంలో నరసన్నపేటలో మా పిన్ని కూతురి పెళ్లి. డ్రోన్ షాట్లు నావే అని చుట్టాలందరి ముందూ నోరు జారాను. ఒక ఏజెంటు 6 వేలిస్తే నంబరు తెప్పిస్తానంటున్నాడు. ఇచ్చెయ్యనా?

బస్టాండు_బాబాయ్
ఫోన్ నంబర్ చెబితే కానిస్టేబుల్ నవ్వాడా లేదా, ముందు అది చెప్పు.

కళింగ_కెమెరా
నవ్వలేదు బాబాయ్. రాసుకున్నాడు.

గంటస్తంభం_స్టూడియో
ఏజెంటుకి పైసా ఇవ్వొద్దు. ఆ డ్రోన్ నంబరునే యూఐఎన్ అంటారు, దాని ఫీజు 100 రూపాయలు. వంద రూపాయల పనికి ఆరు వేలు అడిగేవాడు ఇచ్చే నంబరు ఎవరిదో ఏమిటో.

విజయనగరంలో 11 ఏళ్లుగా పెళ్లిళ్లు తీస్తున్నాను కాబట్టి తెలిసింది చెబుతాను. 2021 ఆగస్టులో వచ్చిన డ్రోన్ రూల్స్ బరువుని బట్టి నడుస్తాయి. 250 గ్రాముల దాకా నానో. అక్కడి నుంచి 2 కిలోల దాకా మైక్రో. 2 నుంచి 25 కిలోలు స్మాల్. ఆ పైన మీడియం, లార్జ్ ఉన్నాయి కానీ మనకి వాటితో పని లేదు. నీది మైక్రో. మైక్రోని సరదాకి ఎగరేస్తే పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. డబ్బులకి ఎగరేస్తే కావాలి. పెళ్లి కాంట్రాక్టు అంటే డబ్బులే కదా.

ఇక నీ అసలు ఇబ్బంది. యూఐఎన్ రావాలంటే ఆ మోడల్‌కి టైప్ సర్టిఫికెట్ ఉండాలి, అంటే ఆ మోడల్‌ని పరీక్షించి ఇచ్చే ఆమోదపత్రం. అది తయారీదారు తెచ్చుకోవాల్సింది, నీ చేతిలో లేదు. జాబితాలో నీ మోడల్ లేదంటే దానికి సర్టిఫికెట్ లేదనే అర్థం. నువ్వు ఫారం తప్పు నింపడం వల్ల వచ్చిన తిప్పలు కాదిది.

కళింగ_కెమెరా
అంటే బండి కొన్నాక ఆర్‌సీ రాదని తెలిసినట్టుందా నా పని?

గంటస్తంభం_స్టూడియో
అంతే. పైగా షోరూం వాడు కాకుండా నీ స్నేహితుడు అమ్మాడు.

రాజాం_రాంబాబు
ఏటి భయపెట్టేస్తున్నారు కుర్రాణ్ణి. మా ఊళ్లో పెళ్లంటే డ్రోన్ ఉండాల్సిందే. ఒక్కడికి నంబరున్నట్టు నేను చూడలేదు. ఎవడడిగాడు? ఎగరేసెయ్ బావా, బీచ్‌కి మాత్రం వెళ్లకు.

ప్లీడరు_గుమస్తా
పై పోస్టు చదివి ఎవరూ ధైర్యం తెచ్చుకోకండి. రూల్స్ తప్పితే జరిమానా లక్ష రూపాయల దాకా వెయ్యొచ్చు. దాని వెనకున్న పాత ఎయిర్‌క్రాఫ్ట్ చట్టం 1934 నాటిది. 2025 జనవరి 1 నుంచి దాని చోట భారతీయ వాయుయాన్ అధినియమ్ వచ్చింది. పైగా 2025 సెప్టెంబరులో పౌర డ్రోన్ల కోసమే ఒక బిల్లు ముసాయిదా బయటపెట్టి అభిప్రాయాలు అడిగారు. అందులో శిక్షలు ఇంకా గట్టిగా ఉన్నాయి. ఎవడడిగాడు అన్న రోజులు పోతున్నాయి రాంబాబు గారూ.

ఇంకో సంగతి. పెళ్లిలో రెక్క తగిలి పసివాడి కన్ను పోయిందనుకోండి. అప్పుడు అడిగేవాడు కానిస్టేబుల్ ఒక్కడే ఉండడు. నానో మినహా మిగతా డ్రోన్లకి థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. నంబరు లేని డ్రోన్‌కి పాలసీ ఎవరిస్తారు?

రాజాం_రాంబాబు
గుమస్తా గారు కన్ను దాకా వెళ్లిపోయారు.

గంటస్తంభం_స్టూడియో
కన్ను దాకా వెళ్లిన కేసు నేను చూడలేదు గానీ పందిరి దాకా వెళ్లింది చూశాను. మూడేళ్ల కిందట గజపతినగరం వైపు ఒక పెళ్లి. పూలదండలు డ్రోన్‌కి కట్టి పైనుంచి దించాలని పెళ్లికొడుకు స్నేహితులు పట్టుబట్టారు. నేను చెయ్యనన్నాను. వాళ్లు ఇంకొకణ్ణి తెచ్చుకున్నారు. షామియానా గుడ్డ గాలికి లేచింది, డ్రోన్ అందులో చిక్కుకుంది, దండ వెళ్లి సన్నాయి ఆయన మెడలో పడింది.

బస్టాండు_బాబాయ్
సన్నాయి ఆయనకి పెళ్లయిందా అప్పటికి?

గంటస్తంభం_స్టూడియో
అయింది బాబాయ్. అందుకే ఆయన ఎక్కువ నవ్వలేదు.

కువైట్_రిటర్న్
కళింగ_కెమెరా, నీది కనీసం చేతిలో ఉంది. నాది కస్టమ్స్ వాళ్ల దగ్గర ఉంది. 2023లో సెలవు మీద వస్తూ మా మేనల్లుడికని డ్రోన్ తెచ్చాను. పెట్టె స్కానర్‌లో వెళ్లగానే పక్కకి పిలిచారు. 2022 ఫిబ్రవరి 9న కేంద్రం బయటి దేశాల డ్రోన్ల దిగుమతి ఆపేసిందట. రక్షణ, భద్రత, పరిశోధన అవసరాలకి తప్ప మిగతావాళ్లకి లేదు. విడిభాగాలకి మాత్రం అడ్డు లేదు. నాకేం తెలుసు? కువైట్‌లో షాపు వాడు నవ్వుతూ అమ్మాడు. నా చేతికి ఒక రసీదు ఇచ్చి డ్రోన్ ఉంచేసుకున్నారు. మేనల్లుడు ఆ రసీదు చూసి "మావయ్యా, ఇది ఎగరదు కదా" అన్నాడు.

సోంపేట, కవిటి, కంచిలి నుంచి గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదివితే దయచేసి తేవద్దు. ఖర్జూరాలు తెండి.

థర్డ్ఇయర్_ఈఈఈ
గుమస్తా గారూ, స్టూడియో అన్నా, ఒక డౌటు. రూల్స్‌లో "మోడల్ రిమోట్లీ పైలటెడ్ ఎయిర్‌క్రాఫ్ట్" అని ఒక నిర్వచనం ఉంది. 25 కిలోల లోపు ఉండి, చదువుకో, పరిశోధనకో, వినోదానికో మాత్రమే వాడుతూ, కంటికి కనిపించేంత దూరంలోనే ఎగరేసేది అని. దానికి టైప్ సర్టిఫికెట్ అవసరం లేదని కూడా ఉంది. మరి ఈ అన్న సరదాకే ఎగరేస్తే అది మోడల్ కిందకి రాదా?

ప్లీడరు_గుమస్తా
చదివావు, మెచ్చుకోవాలి. నిర్వచనం నువ్వు చెప్పినట్టే ఉంది. వాదించడానికి వీలుంది. కానీ టైప్ సర్టిఫికెట్ మాఫీ అన్నంత మాత్రాన యూఐఎన్ మాఫీ అవ్వదు. అవి రెండు వేర్వేరు మెట్లు. పైగా "మాత్రమే" అన్న మాట దగ్గర ఈయన దొరికిపోతాడు. పెళ్లి తీసి డబ్బు పుచ్చుకున్న రోజున అది వినోదం మోడల్ కాకుండా పోతుంది.

కళింగ_కెమెరా
పిన్ని కూతురి పెళ్లికి డబ్బు తీసుకోను కదండీ. బట్టలు పెడతారు అంతే.

ప్లీడరు_గుమస్తా
ప్యాంటు గుడ్డ కూడా ప్రతిఫలమే అని ఎవరైనా వాదిస్తే సరదాగా ఉంటుంది. నీకు నవ్వులాటే. కానీ ఎవరూ డబ్బు తీసుకోకపోయినా నంబరు సమస్య అక్కడే ఉంది.

థర్డ్ఇయర్_ఈఈఈ
మేము కాలేజీలో సొంతంగా ఒక క్వాడ్ (నాలుగు రెక్కల డ్రోన్) చేశాం. గుర్తింపు ఉన్న విద్యాసంస్థ, పరిశోధన కోసం, పర్మిషన్ అక్కర్లేని గ్రీన్ జోన్‌లో, తమ ఆవరణలోనే ఎగరేసుకుంటే టైప్ సర్టిఫికెట్, యూఐఎన్, పైలట్ సర్టిఫికెట్ మూడూ అక్కర్లేదు. మా సార్ ఆ రూలు ప్రింటు తీసి ల్యాబ్ గోడకి అంటించారు. ఆవరణ దాటితే మాత్రం తోలు తీస్తానన్నారు. రూల్‌లో ఆ మాట లేదు, సార్ కలిపారు.

ఉద్దానం_పిల్ల
ఇంతమంది మగాళ్లు బరువు, నంబరు, జరిమానా అని మాట్లాడుకుంటున్నారు. నాకు వేరే ఫిర్యాదు ఉంది. మా ఊళ్లో ఎవరి గుంటడో సాయంత్రం అయితే చాలు డ్రోన్ లేపుతాడు. మేడ మీద మేం వడియాలు పెట్టుకుంటుంటే నెత్తి మీద గుయ్యిమంటూ నిలబడుతుంది. అమ్మ చీపురు విసిరింది ఒకసారి. తగల్లేదు. స్నానాల గది పై కప్పు లేని ఇళ్లు ఇంకా ఉన్నాయి మా వైపు. దీనికి ఏ జోన్? గ్రీనా, ఎల్లోనా?

ప్లీడరు_గుమస్తా
అమ్మా, జోన్ గ్రీన్ అయినా ఇది తప్పే. ఆడవాళ్లు ఏకాంతంగా ఉన్న చోట వాళ్లకి తెలియకుండా చూడడం, చిత్రం తీయడం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 77 కింద నేరం. మొదటిసారికే ఏడాది నుంచి మూడేళ్లు. డ్రోన్ రూల్స్‌తో పని లేకుండానే కేసు నిలుస్తుంది. తేదీ, సమయం రాసి పెట్టుకోండి. వీలైతే ఫోన్‌లో డ్రోన్‌ని వీడియో తీయండి.

ఉద్దానం_పిల్ల
వీడియో ఉంది. చీపురు విసిరింది కూడా అందులోనే ఉంది.

బస్టాండు_బాబాయ్
ఆ వీడియో ఇక్కడ పెడితే ఈ థ్రెడ్ చరిత్రలో నిలిచిపోతుంది.

ఉద్దానం_పిల్ల
పెట్టను. అమ్మ నైటీలో ఉంది. అదే కదా నా ఫిర్యాదు.

పెలికాన్_పిచ్చోడు
నాదీ ఒక విన్నపం. టెక్కలి దగ్గర తేలినీలాపురం పక్షుల మీదికి డ్రోన్ తీసుకెళ్లకండి. గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. పైన చప్పుడు వినిపిస్తే తల్లి పక్షి ఒక్కసారిగా లేస్తుంది. గుడ్డు కింద పడుతుంది, లేదా పిల్ల పడుతుంది. మిగిలినవాటిని కాకులు చూసుకుంటాయి. పోయిన సీజన్‌లో ఎవరో రీల్ కోసం ఎగరేస్తుంటే ఊరి పెద్దావిడ ఒకామె వచ్చి "పురిటికొచ్చిన ఆడపిల్లల గదిలోకి ఇలాగే తొంగి చూస్తావా" అని అడిగింది. వాడు అక్కడే దించేశాడు.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేట అన్న మాట కిందకి గూళ్లని, గుడ్లని చెదరగొట్టడం కూడా వస్తుంది. ఇచ్ఛాపురం దగ్గర తేలుకుంచికీ ఇదే మాట.

చీపురుపల్లి_రైతుబిడ్డ
కాస్త పెద్ద పోస్టు, ఓపిక ఉన్నవాళ్లు చదవండి. నేను పొలాల్లో మందు కొట్టే డ్రోన్ నడుపుతాను. 10 లీటర్ల ట్యాంకుది. మందుతో కలిపి బరువు 25 కిలోల లోపే కాబట్టి స్మాల్ కిందకి వస్తుంది. దీనికి పైలట్ సర్టిఫికెట్ లేకుండా స్విచ్ కూడా నొక్కకూడదు.

ట్రైనింగ్ ఎలా ఉంటుందని చాలామంది అడుగుతారు. పదో తరగతి పాసై, 18 నుంచి 65 ఏళ్ల మధ్య ఉంటే చాలు. విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న శిక్షణ సంస్థలోనే చేరాలి. పేరుకి డ్రోన్ అకాడమీ అని బోర్డు కట్టినవన్నీ అలాంటివి కావు, జాబితాలో పేరు చూసుకుని డబ్బు కట్టండి. మాది వారం లోపే అయిపోయింది. రెండు రోజులు క్లాసు, ఒక రోజు కంప్యూటర్ మీద సిమ్యులేటర్, మిగతావి గ్రౌండ్‌లో. నాకు 40 వేల పైన అయింది. సర్టిఫికెట్ పదేళ్లు పనిచేస్తుంది. నేను చేరిన కొత్తల్లో పాస్‌పోర్టు అడిగేవారు. మా ఊళ్లో గల్ఫ్ వెళ్లేవాళ్లకి తప్ప ఎవరికుంది పాస్‌పోర్టు? దాని కోసమే మూడు నెలలు ఆగిపోయాను. 2023 సెప్టెంబరులో ఆ రూలు తీసేశారు. ఇప్పుడు ఓటరు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు లాంటివి చాలు. నా పాస్‌పోర్టు మీద మాత్రం ఒక్క స్టాంపు కూడా లేదు, బీరువాలో ఉంది.

క్లాసులో చెప్పనివి పొలంలో నేర్చుకున్నాను. మన వైపు పొలాల మధ్య తాటిచెట్లు, యూకలిప్టస్ వరసలు, 11 కేవీ వైర్లు. వైరు పైనుంచి చూస్తే అసలు కనపడదు. మొదటి నెలలోనే ఒక రెక్క తాటాకుకి తగిలి 9 వేలు ఖర్చు. అప్పటి నుంచి మందు కలిపే ముందు పొలం చుట్టూ ఒకసారి నడుస్తాను. మధ్యాహ్నం దాటితే సముద్రం గాలి ఎక్కువ, మందు పక్కవాడి చేలో పడుతుంది. పక్కవాడు కూరగాయలు వేసి ఉంటే ఆ రోజుకి గొడవ ఖాయం. అందుకే తెల్లారి 6 నుంచి 9 దాకానే కొడతాను.

మొక్కజొన్నకి మాత్రం దీన్ని మించింది లేదు. తలెత్తు పెరిగిన చేలో మనిషి ట్యాంకు మోసుకుంటూ దూరితే మందు సగం వాడి ఒంటి మీదే పడుతుంది. డ్రోన్‌తో ఎకరం పది నిమిషాల్లోపే. నీళ్లు చేతి పంపుకి 150, 200 లీటర్లు పట్టే చోట 10 లీటర్లు చాలు. కానీ కత్తెర పురుగుకి మందు మొవ్వులో పడాలి. డ్రోన్ ఎత్తు పెంచితే ఆకు మీదే పడి జారిపోతుంది. ఇది అర్థం కాని కుర్రాళ్లు తొందరగా అయిపోవాలని ఎత్తులో కొట్టేస్తారు, రైతు డ్రోన్‌నే తిడతాడు.

నాగావళి_గట్టు
ఇలాంటి పోస్టుల కోసమే ఇక్కడికి వస్తాను. ఎకరాకి ఎంత తీసుకుంటావు?

చీపురుపల్లి_రైతుబిడ్డ
350. మందు రైతుదే. తెలిసినవాళ్లు 300 ఇచ్చి టీ ఇస్తారు.

నాగావళి_గట్టు
మా పొదుపు సంఘంలో మహిళా సంఘాలకి డ్రోన్లిచ్చే కేంద్ర పథకం నమో డ్రోన్ దీదీ గురించి మాట్లాడుకుంటున్నారు. మా ఆవిడ పేరు ఇద్దామా అనుకుంటున్నాం. అది నిజంగా లాభమేనా?

చీపురుపల్లి_రైతుబిడ్డ
డ్రోన్ ఖరీదులో 80 శాతం, గరిష్ఠంగా 8 లక్షల దాకా సబ్సిడీ, దానితో పాటు ట్రైనింగ్. ఆ మేరకు మంచిదే. కానీ ముందు బ్యాటరీల లెక్క చూసుకోండి. ఒక్క సెట్టు బ్యాటరీ ఎకరం, ఎకరంన్నర వస్తుంది. నాలుగైదు సెట్లు ఉంటేనే రోజు గడుస్తుంది. ఛార్జింగ్‌కి చిన్న జనరేటర్, మోయడానికి ఆటో కావాలి. వదినగారికి ఆటో నడపడం వచ్చా?

నాగావళి_గట్టు
ఆవిడకి వచ్చు. నాకే రాదు.

బస్టాండు_బాబాయ్
అయితే ఆవిడ పైలట్, డ్రైవర్. నువ్వు మందు కలుపు.

బొబ్బిలి_వీణ
జోన్ల సంగతి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. మ్యాపు ప్రభుత్వ డ్రోన్ వెబ్‌సైటు డిజిటల్ స్కైలో ఉంటుంది, మూడు రంగులు. గ్రీన్‌లో 400 అడుగుల దాకా ఎవరి పర్మిషనూ అక్కర్లేదు. విమానాశ్రయం ప్రహరీ నుంచి 8 కిలోమీటర్లు దాటి 12 లోపు ఉంటే 200 అడుగుల దాకానే గ్రీన్, ఆ పైకి వెళ్తే ఎల్లో. ఎల్లోకి విమానాల ట్రాఫిక్ చూసేవాళ్ల అనుమతి కావాలి. రెడ్ అంటే కేంద్రమే ఇవ్వాలి. శ్రీకాకుళం వైపు చాలా భాగం గ్రీనే. విశాఖ వైపు నేవీ ఉంది కాబట్టి అక్కడ మాత్రం తమాషాలు వద్దు. భోగాపురం విమానాశ్రయం ఉంది కనక డెంకాడ, పూసపాటిరేగ వైపు తీసేవాళ్లు నిరుటి మ్యాపు నమ్ముకోకండి, ఎగరేసే రోజు పొద్దున చూసుకోండి.

పెలికాన్_పిచ్చోడు
గ్రీన్ అని మ్యాపులో ఉన్నా సరే, గుడి ఉత్సవాలప్పుడు జాగ్రత్త. ఎస్పీ హోదాకి తగ్గని అధికారి 96 గంటల దాకా ఏ చోటునైనా తాత్కాలికంగా రెడ్ జోన్ చెయ్యొచ్చు. అరసవల్లి రథసప్తమికి వచ్చే జనం మీ అందరికీ తెలిసిందే.

గంటస్తంభం_స్టూడియో
సిరిమానోత్సవానికి నన్ను ఏటా ఎవరో ఒకరు అడుగుతారు, "పైనుంచి సిరిమాను తియ్యి, రేటు నీ ఇష్టం" అని. ఒప్పుకోను. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఇసుకేస్తే రాలని జనం. పూజారి గారు అంతెత్తున మాను చివర కూర్చుని ఉంటారు. బ్యాటరీ తేడా చేసి ఆయన పక్కన పడితే? పోలీసుల డ్రోన్లే పైన తిరుగుతుంటాయి, వాళ్లకే వదిలేస్తాను. నా స్టూడియో మేడ మీద నుంచి పెద్ద లెన్సుతో తీస్తాను. అవే ఎక్కువ అమ్ముడవుతాయి కూడా.

రాజాం_రాంబాబు
విమానయాన మంత్రి మన శ్రీకాకుళం ఎంపీ గారే కదా. కళింగ_కెమెరా ఒక అర్జీ పెట్టుకోకూడదూ? "అయ్యా, పిన్ని కూతురి పెళ్లి" అని.

కువైట్_రిటర్న్
నా రసీదు కూడా జత చెయ్యండి.

కళింగ_కెమెరా
జోకులు ఆపి ఎవరైనా చెప్పండి. 250 గ్రాముల లోపు డ్రోన్ ఒకటి కొనుక్కుంటే ఈ గొడవలన్నీ పోతాయా?

బొబ్బిలి_వీణ
సగం పోతాయి. నానోకి పైలట్ సర్టిఫికెట్ వద్దు, టైప్ సర్టిఫికెట్ వద్దు, ఇన్సూరెన్స్ వద్దు.

రాజాం_రాంబాబు
చూశారా! నానో అయితే నంబరు కూడా అక్కర్లేదు. నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

ప్లీడరు_గుమస్తా
మీరు మొదటి నుంచీ అన్నది "ఎవడడిగాడు" అని. టైప్ సర్టిఫికెట్ రూలులో నానో పేరు పెట్టి మినహాయించారు, ఇన్సూరెన్స్ రూలులోనూ అలాగే. నంబరు రూలులో నానో అన్న మాట నాకు కనపడలేదు. వంద రూపాయలకి వాదన ఎందుకు, నంబరు తీసుకోమనండి. అలాగే నానో అయినా రెడ్ జోన్ రెడ్ జోనే, పక్కింటి మేడ పక్కింటి మేడే.

చీపురుపల్లి_రైతుబిడ్డ
ఇంకో మాట. 249 గ్రాములని పెట్టె మీద ఉన్నా, పెద్ద బ్యాటరీ వేసి, రెక్కలకి గార్డులు తగిలిస్తే 250 దాటిపోతుంది. ఎగిరే బరువే లెక్క. మా ట్రైనింగ్‌లో ఒకతను బంగారం తూచే కాటా మీద తూచి చూపించాడు. అలాగే అది కూడా బయటి దేశం సరుకైతే కువైట్ అన్న కథే మళ్లీ.

గంటస్తంభం_స్టూడియో
కళింగ_కెమెరా, నా మాట విను. నేను చేసింది ఇదీ. పాతది అటక మీద పెట్టేశాను. టైప్ సర్టిఫికెట్ ఉన్న మన దేశపు డ్రోన్ కొన్నాను. ఖరీదు ఎక్కువే. కెమెరా నీ చైనా దానంత బాగుండదు, అబద్ధం ఎందుకు. కానీ 2025 సెప్టెంబరు 22 నుంచి డ్రోన్ల మీద జీఎస్టీ 5 శాతానికి తగ్గింది, అంతకు ముందు కొన్నిటికి 28 దాకా ఉండేది. నంబరు కోసం డీ-2 ఫారం. ఇప్పుడు ఈ ఫారాల పని డీజీసీఏ వాళ్ల ఈజీసీఏ పోర్టల్‌లోకి మార్చారు, పాత వీడియోలు చూసి డిజిటల్ స్కైలో వెతుక్కోకు. ఎవరి దగ్గరైనా నంబరున్న సెకండ్ హ్యాండ్ కొంటే డీ-3 నింపి నీ పేరు మీదికి మార్పించుకో. సర్టిఫికెట్ ట్రైనింగ్ సంగతి రైతుబిడ్డ చెప్పాడు.

ఇవన్నీ మాఘం లోపు నీకు కావు. కాబట్టి ఆ పెళ్లికి నంబరు, సర్టిఫికెట్ ఉన్నవాణ్ణి పెట్టుకో. నువ్వు కింద కెమెరా పట్టుకో.

కళింగ_కెమెరా
మీరే వస్తారా?

గంటస్తంభం_స్టూడియో
ముహూర్తం ఎప్పుడో చెప్పు. రేటు ఇక్కడ మాట్లాడను, మిగతా కస్టమర్లు చదువుతారు.

ఉద్దానం_పిల్ల
నా సంగతి అప్‌డేట్. స్టేషన్‌కి వెళ్లక్కర్లేకుండానే తేలిపోయింది. సెక్షన్ 77 గురించి గుమస్తా గారు రాసింది స్క్రీన్‌షాట్ తీసి మా వీధి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. ఏ పేరూ రాయలేదు. అరగంటలో ఒకావిడ మా ఇంటికొచ్చి "మా వాడు కొబ్బరితోట చూడ్డానికే లేపుతాడమ్మా" అంది. మేం ఎవర్నీ అనలేదు అన్నాం. ఆ రోజు నుంచి చప్పుడు లేదు.

బస్టాండు_బాబాయ్
చీపురు కంటే స్క్రీన్‌షాట్ దూరం వెళ్తుంది.

థర్డ్ఇయర్_ఈఈఈ
కళింగ అన్నా, ఆ పాత డ్రోన్ ఏం చేస్తారు? మా ల్యాబ్‌కి ఇస్తారా? మోటార్లు విప్పుకుంటాం.

కళింగ_కెమెరా
ఆగు తమ్ముడూ, ఇంకా ఈఎంఐ రెండు నెలలు ఉంది. అయ్యాక చూద్దాం.

(మూడు నెలల తర్వాత)

కళింగ_కెమెరా
థ్రెడ్ పైకి లేపుతున్నందుకు ఏమీ అనుకోకండి. పెళ్లి అయింది. స్టూడియో అన్న వచ్చారు. డ్రోన్ మీద నంబరు అంటించి ఉంది, నేను ఫోటో తీసి ఆ కానిస్టేబుల్‌కి పంపుదామనుకున్నాను, ఆయన దగ్గర నా నంబర్ ఉంది కానీ నా దగ్గర ఆయనది లేదు.

ఊరేగింపులో గాలి ఎక్కువగా ఉందని రెండుసార్లు దించేశారు. మా పెదనాన్న "ఇంత డబ్బిచ్చి దింపడానికా తెచ్చింది" అని గొణిగాడు. తెల్లవారి తలంబ్రాలయ్యాక పందిరి మీద నుంచి ఒక షాట్ తీశారు. ముగ్గులు, వంటల పొగ, వెనకాల జీడితోట, అన్నీ వచ్చాయి. పెదనాన్న అదే ఇప్పుడు స్టేటస్‌లో పెట్టుకున్నాడు, నేను తీశానని అందరికీ చెబుతున్నాడు. నేను కాదనలేదు.

ట్రైనింగ్‌కి పేరు ఇచ్చాను. వచ్చే నెల బ్యాచ్. పాస్‌పోర్టు అడగలేదు.

గంటస్తంభం_స్టూడియో
బాకీ 2 వేలు ఉంది, మర్చిపోకు.

కళింగ_కెమెరా
రేట్ల సంగతి ఇక్కడ మాట్లాడనన్నారు కదా అన్నా.

బస్టాండు_బాబాయ్
పెళ్లిలో దండలు పైనుంచి దించారా, చేతులతోనే వేసుకున్నారా?